తొమ్మిదో నిమిషం

చప్పట్లు కొడతారట. అతని చొక్కా నంబరు తొమ్మిది కనుక సరిగ్గా తొమ్మిదో నిమిషంలో అవతలి జట్టువాడెవడో బంతిని గీత బయటికి తన్నేస్తాడట, ఆట ఆగుతుందట, రెండు జట్లూ ఎదురెదురుగా వరసలు కడతాయట, ఆ వరసల మధ్యలోంచి నేథన్ బ్లెంకిన్ చెయ్యి ఊపుకుంటూ నడిచి వెళ్ళిపోవాలట. గీత దాటితే సరి, పదిహేనేళ్ళ ఆటకి అదే ఆఖరి అడుగు. బతికుండగానే తద్దినం పెట్టడమంటే ఇదేనేమో. ఫిజియో గదిలో ఎత్తు బల్ల మీద కుడికాలు చాపుకుని పడుకున్న నేథన్‌కి పైకప్పు మీద పాత తడి మరక కనిపిస్తోంది. గోడకు అవతల గ్రేథోర్ప్ టౌన్ మైదానంలోకి జనం వచ్చి కూర్చుంటున్నారు, మడతకుర్చీలు ఒకటొకటీ టపటపమంటున్నాయి. నాలుగో లీగులో నడుమ ఎక్కడో ఆడే జట్టు, సీజను ఆఖరి శనివారం, గెలిస్తే పైకి పోయేదీ లేదు, ఓడితే కిందికి పడేదీ లేదు, అలాంటి మ్యాచ్‌కి మామూలుగా ఇంతమంది రారు. తనని సాగనంపడానికే వస్తున్నారు. కిటికీ సందులోంచి వెనిగర్ వాసన, మాంసం కూరి కాల్చిన రొట్టెల వాసన వస్తున్నాయి. చావింటికి వచ్చినవాళ్ళు మాత్రం తినొద్దా పాపం.

"బిగుతుగా ఉందా నాయనా?" అంది మోరాగ్, మోకాలి చుట్టూ తెల్లపట్టీ తిప్పుతూ. జట్టు ఫిజియో ఆవిడ, స్కాట్లండ్ మనిషి. నీ మోకాలు నాకు నా వంటిల్లంత పరిచయం అంటుంటుంది.

"ఇంకొంచెం బిగించు."

"తొమ్మిది నిమిషాలకి ఈ మాత్రం చాలు."

పుండు మీద కారం చల్లినట్టయింది. ఆవిడ తప్పేం లేదు, అందరూ అనుకున్నదే అంది. తొమ్మిది నిమిషాలని నేనెప్పుడు అన్నాను అని అడగబోయి నోరు మూసుకున్నాడు నేథన్, ఎందుకంటే అసలు కథంతా ఆ మూసుకున్న నోటితోనే వచ్చింది. నెల కిందట మేనేజర్ టాటర్సల్ గదికి పిలిచి, కుర్చీ చూపించి, టీ కప్పు చేతికిచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ, స్కాన్ అంత గొప్పగా లేదటగా అన్నాడు. అంత గొప్పగా లేదట బాస్ అన్నాడు నేథన్. మనిషన్నాక మర్యాదగా వెళ్ళిపోవడంలో ఓ అందం ఉంటుందోయ్ అన్నాడు టాటర్సల్. ఉంటుంది బాస్ అన్నాడు నేథన్, గంగిరెద్దులా తల ఊపుతూ, లోకంలో ఎవరి గురించో మాట్లాడుతున్నాడనుకుని. మన అభిమానులకి కూడా బాగుంటుంది అన్నాడాయన. బాగానే ఉంటుంది అన్నాడితను. అంతే. ఈ ఊరి జబ్బు అది. ఇక్కడ ఎవడూ సూటిగా అడగడు, ఎవడూ సూటిగా చెప్పడు. మంచం పట్టినవాణ్ణి ఎలా ఉన్నావని అడిగితే మరీ అంత అధ్వాన్నం కాదు అంటాడు, కూతురి పెళ్ళయి గంతులేస్తున్నవాణ్ణి అడిగినా అదే ముక్క అంటాడు. ఆ ముక్కలోనే అవతలివాడు ఏడుపో నవ్వో వెతుక్కోవాలి. టాటర్సల్ వెతుక్కున్నాడు, దొరికిందనుకున్నాడు, శుక్రవారం కల్లా క్లబ్బు గేటు మీద నేథన్ బొమ్మ కట్టి కింద 'ధన్యవాదాలు బ్లెంకీ' అని రాయించాడు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా. చెప్పాల్సింది, గేటు దగ్గరే నిలబడి, నేను చావలేదురా నాయనా ఈ బొమ్మ దించండి అనాల్సింది. కానీ అప్పటికే మాంసం కొట్టువాడు రొట్టె చేతిలో పెట్టి డబ్బు వద్దన్నాడు, టికెట్లు అమ్మే ముసలావిడ కౌగిలించుకుని భుజం తడిపేసింది, ఇరవయ్యేళ్ళుగా పలకరించని పక్కవీధి మనిషి కుక్కని లాక్కుంటూ రోడ్డు దాటి వచ్చి చెయ్యి కలిపాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు. మొన్నటిదాకా వాడా, వాడి కాలు గాజుకాలు, డబ్బు దండగ అన్న నోళ్ళే ఇప్పుడు మా బ్లెంకీ లాంటివాడు మళ్ళీ పుడతాడా అంటుంటే మింగలేక కక్కలేక తిరిగాడు నెల్లాళ్ళు. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఒప్పుకోవడమే కష్టం. వీళ్ళే నిజమేమో అని రాత్రి ఒక్కోసారి అనిపించేది. పక్క మీద కాలి కింద దిండు పెట్టుకుని పడుకుని, పొద్దున్నే మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి పసిపిల్లాడిలా ఒక్కో మెట్టూ దిగుతున్నప్పుడు, ఏమో, ఇక చాలునేమో అనిపించేది. తెల్లారి సముద్రపు ఒడ్డున పరిగెడితే ఆ అనుమానం పోయేది. ఎంత మిగిలిందో అతనికీ తెలియదు. ఒక సీజనో, సగం సీజనో, వచ్చే ఆగస్టు దాకానో. కానీ తొమ్మిది నిమిషాలు మాత్రం కాదు, అది తెలుసు.

మోరాగ్ పట్టీ తెంచింది. ఆ చప్పుడు. ఎప్పుడూ ఆ చప్పుడు విన్నా ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే మొదటిసారి లోపలినుంచి వచ్చిన చప్పుడూ అలాంటిదే, తడిబట్ట చింపినట్టు. అతనికి ఇరవై ఒకటో ఏడు, జనవరి, మంగళవారం సాయంత్రం ఆట, నేల బురద బురద. ఆ నెలంతా రెండు లీగుల పైనున్న క్లబ్బు తరఫున ఆటగాళ్ళని ఏరే మనిషి ఒకడు గళ్ళ మఫ్లరు చుట్టుకుని స్టాండులో కూర్చుంటున్నాడని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు, అంటే దిష్టి తగులుతుందని. నేథన్ బంతి అందుకుని తిరిగాడు, అంతే, తిరిగాడు, పాదం బురదలో ఉండిపోయింది, మనిషి తిరిగాడు. ఎవడూ తాకలేదు. తర్వాత నెలల తరబడి కనిపించినవాడల్లా ఎవడు తన్నాడని అడిగేవాడు, ఎవడూ తన్నలేదు అంటే నమ్మేవాళ్ళు కాదు, పాపం ఎవరినో కాపాడుతున్నాడు అనుకునేవాళ్ళు. ఎవడో ఒకడు తన్ని ఉంటే బాగుండేది, కనీసం తిట్టుకోవడానికి ఓ మొహం ఉండేది. గళ్ళ మఫ్లరు మళ్ళీ కనిపించలేదు. తొమ్మిది నెలలు. నాన్న చేపల రేవులో పనిచేసేవాడు, రోజంతా మంచుముక్కల్లో చేతులు పెట్టి చేపలు కోసి కోసి వేళ్ళు వంకర్లు పోయినవాడు, ఓ పొద్దున తన రబ్బరు దుస్తులు కొడుక్కి తొడిగి, రొమ్ముల్లోతు సముద్రంలోకి తోసి, నీళ్ళలో పాతిన ఆ కొయ్య దాకా నడిచి రా అన్నాడు. చలి, నాన్నా. చలి ఉంటే ఉంటుంది, నడు. నొప్పి, నాన్నా. నొప్పి ఉంటే ఉంటుంది, నడు. ఒడ్డున నిలబడి సిగరెట్టు కాలుస్తూ అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు, కానీ ఆ తొమ్మిది నెలల్లో ఒక్క పొద్దున మానలేదు కూడా. ఇప్పుడు లేడు. ఉంటే గేటు మీది బొమ్మ చూసి ఏమనేవాడో. బొమ్మ బాగానే ఉంది అనేవాడు. అది తిట్టో మెప్పో వెతుక్కోవాల్సి వచ్చేది.

తర్వాతిది ఇరవై ఆరో ఏట, అదే మోకాలు. ఆ తర్వాత లోపలి మెత్తటి ఎముక చెక్కి తీసేశారు, ఇంకోసారి మిగిలిన కాస్తా తీశారు, కిందటి సెప్టెంబరులో మళ్ళీ తెరిచారు. ప్రతిసారీ కొత్త డాక్టరు, ప్రతి డాక్టరుకీ ముందు డాక్టరు చేసింది నచ్చదు. ఈసారి ఆయన బొమ్మ మీద పెన్నుతో చూపిస్తూ, మిస్టర్ బ్లెంకిన్, ఈ మోకాలు మెట్లెక్కడానికి పనికొస్తుంది, తోటపనికి పనికొస్తుంది, పిల్లలతో ఆడుకోవడానికీ పనికొస్తుంది అన్నాడు, వరమిస్తున్నట్టు. నేథన్‌కి తోట లేదు. మెట్లెక్కడానికా తనకి కాళ్ళు. ఎంతమంది ఎన్నిసార్లు అన్నారు ఇక అయిపోయిందని. ఇరవై రెండో ఏట అయిపోయిందన్నారు, వచ్చి ఆ వసంతంలో పదకొండు గోల్స్ కొట్టాడు. ఇరవై ఏడో ఏట అన్నారు, వచ్చాడు. ఆ పరుగు పోయింది, ఆ తిరుగుడు పోయింది, సరే, అప్పుడు వీపు వాడటం నేర్చుకున్నాడు, పిర్ర వాడటం నేర్చుకున్నాడు, అవతలివాణ్ణి వీపు మీద మోస్తూ బంతిని పట్టి నిలబడటం, గాలిలో అరక్షణం ముందు లేవడం, రెండడుగుల చోటులో పని కానివ్వడం. కాలు తీసుకుపోయింది కొంత, ఇచ్చింది కొంత. అడిగి తీసుకోలేదు ఎవరినీ. ఇప్పుడు వీళ్ళు వరసలు కట్టి చప్పట్లు కొట్టి పంపుతారా. ఎవడికి కావాలి మీ చప్పట్లు.

భార్య జోయాన్‌కి తెలుసు. తెల్లారకుండా దొంగలా లేచి ఇసుకలో పరిగెత్తి వచ్చి మళ్ళీ పక్కలో దూరడం మొదలెట్టిన మూడో రోజే, ఇసుక బూట్లు గుమ్మం బయట విప్పు నేథ్, లోపల తుడవలేక చస్తున్నాను అంది. ఎక్కడికి వెళ్ళావని అడగలేదు. ఆవిడా ఈ ఊరి పిల్లే మరి. పెళ్ళయి పన్నెండేళ్ళు, నాలుగు ఆపరేషన్లకి కారు నడిపింది, ఆసుపత్రి కుర్చీల్లో అల్లిన ఊలు కోట్లు పెట్టెడు ఉన్నాయి, ఒక్కసారీ మానెయ్యమనలేదు. పొద్దున మాత్రం, కూతురికి జడ వేస్తూ, తల ఎత్తకుండానే, "మానమని నేననను, ఆడమనీ అనను," అంది. "మోకాలు నీది, నోరూ నీదే. ఏదో ఒకటి వాడు." అంత పొడుగు మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. బూట్ల సంచి తీసుకుని వచ్చేశాడు. దారంతా ఆ మాటే, ట్రాఫిక్ దీపం దగ్గర ఆ మాటే, ఇప్పుడీ బల్ల మీదా ఆ మాటే. వాడు అంటే ఎలా వాడటం. లేచి వెళ్ళి టాటర్సల్‌తో చెప్పేస్తే ఏమవుతుంది. ఆటగాళ్ళ పేర్లు ఇచ్చేశారు, ఇవాళ్టి మ్యాచ్ పుస్తకాలు అచ్చయిపోయాయి, ముందు చెప్పి ఉంటే అసలు జట్టులోనే పెట్టేవాడు కాదు. సాగనంపడానికి ఒప్పుకుంటేనే గడ్డి మీదికి రానిస్తారు. భలే బేరం.

ఆటగాళ్ళు బయటికి వెళ్ళే ఇరుకు దారిలో రెండు జట్లూ వరసగా నిలబడ్డాయి, సిమెంటు మీద బూట్ల మేకులు టకటకమంటున్నాయి. పక్కన స్క్రూటన్. ఆస్టన్‌బ్రూక్ జట్టు డిఫెండరు, దున్నపోతంత మనిషి, ముక్కు ఎడమకి ఒరిగి ఉంటుంది, అది ఒరగడానికి కారణం నేథన్ తల. నేథన్ కనుబొమ్మ మీది గాటుకి కారణం వాడి మోచెయ్యి. పన్నెండేళ్ళుగా వేరువేరు జట్లలో, వేరువేరు ఊళ్ళలో ఒకరి ఒంటి మీద ఒకరు పడుతూనే ఉన్నారు, ఇన్నేళ్ళలో మాట్లాడుకున్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో ముప్పాతిక బూతులు. ఆ స్క్రూటన్ ఇవాళ చెయ్యి చాపాడు. "ఇంట్లో అంతా కులాసానా?" అన్నాడు. నేథన్‌కి అర్థమైపోయింది. టాటర్సల్ ఆ జట్టు మేనేజరుకి ఫోన్ చేశాడు, వాళ్ళ ఆటగాళ్ళందరికీ చెప్పారు, పాపం ఆ మోకాలివాడి మీద చెయ్యి వెయ్యకండిరా, తొమ్మిది నిమిషాలే కదా అని. స్క్రూటన్ నోట కులాసా అనే మాట రావడమంటే పాడె కట్టడం పూర్తయినట్టే. "మరీ అంత అధ్వాన్నం కాదు," అన్నాడు నేథన్. అలవాటు అలాంటిది.

వెలుగు. ఏప్రిల్ ఎండ కళ్ళలో కొట్టింది, నాలుగు వైపులా జనం లేచి నిలబడ్డారు, ఆట మొదలు కాకముందే చప్పట్లు. ఎనిమిది నెలల తర్వాత గడ్డి. ఉప్పుగాలి, కోసిన గడ్డి పచ్చివాసన, కుడికాలు కింద నేల ఉంది, నిజంగా ఉంది. రిఫరీ ఆర్మిటేజ్, బక్కపలచటి ఆవిడ, పిల్లల బడిలో లెక్కలు చెబుతుందంటారు, విజిల్ ఊదింది. మొదటి బంతి అతని ఛాతీకి వచ్చింది. వీపు వెనక స్క్రూటన్ బరువు కోసం ఒళ్ళు బిగించి కాచుకున్నాడు, ఆ బరువు రాలేదు. బిగించిన ఒంటికి ఆనుకోవడానికి ఏమీ లేక తూలబోయాడు. స్క్రూటన్ రెండు గజాల దూరాన నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి పెట్టుకుని, దుకాణంలో గాజుసామాను పక్కన నిలబడ్డ మనిషిలా. రెండోసారీ అంతే. మూడోసారి కావాలని వాడి మీదకే వెళ్ళి ఒరిగాడు, వాడు పక్కకి తప్పుకుని, జాగ్రత్త అన్నాడు. జాగ్రత్తట. వీడికి ఎవడు నేర్పాడు ఆ మాట. ముసలాణ్ణి రోడ్డు దాటిస్తున్నట్టుంది నీ యవ్వారం, తన్నరా, ఒక్కసారి తన్ను అని పళ్ళ మధ్యలోంచి అన్నాడు నేథన్. స్క్రూటన్ జాలిగా చూశాడు. పన్నెండేళ్ళలో వాడు చేసిన గాయాల్లో ఇంతగా నొప్పెట్టింది లేదు.

గడియారం ఏడు దాటింది. అప్పుడు వచ్చింది అది. కుడివైపు నుంచి మెత్తగా, నేల మీద దొర్లుతూ, బడిపిల్లలకి వేసినట్టు ఒక బంతి. నేథన్ కాలి కిందికి వచ్చేసరికి ముందు ఎవరూ లేరు. ఉన్నవాళ్ళు ఉన్నారు, కానీ తప్పుకున్నారు, ఒకడు కాలు జారినట్టు నటించాడు, ఇంకొకడు చెయ్యెత్తి నిలబడిపోయాడు, గోల్‌కీపరు ఎడమవైపుకి రెండడుగులు జరిగి, కుడివైపు సగం గుమ్మం తెరిచిపెట్టాడు. ఇదీ ఫోన్‌లో మాట్లాడుకున్నదేనన్నమాట. కానుక. ఎనిమిది నెలలు కలలో చూసిన బొమ్మ, ఖాళీ వల, కాలి ముందు బంతి. కొట్టెయ్, ఏమవుతుంది, జనం సంతోషిస్తారు, పిల్ల సంతోషిస్తుంది, రేపు పేపర్లో వేస్తారు. ఇన్ని గోల్స్‌లో ఏదీ ఎవడూ ఇవ్వలేదు. ముక్కు పగిలి కొట్టాడు, సూది పొడిపించుకుని కొట్టాడు, ఒకసారి జ్వరంతో కొట్టి కొట్టినచోటే వాంతి చేసుకున్నాడు. ఒక్కటీ ముష్టి గోల్ లేదు. చెడిపోయిన కాలిని వెనక్కి లాగి, ఆ కాలితోనే, బలమంతా పెట్టి, బంతిని మూలనున్న జెండా వైపు బయటికి తన్నేశాడు. జెండా వంగి లేచింది. తర్వాత అయ్యో అని పెద్ద నిట్టూర్పు, దాని వెనకే చప్పట్లు, ఇంకా జాలిగా, ఇంకా ప్రేమగా. పాపం, కాలు సహకరించలేదు అనుకున్నారు. మోరాగ్ సంచి పట్టుకుని సగం లేచింది. నేథన్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాదంటే కూడా అర్థం కాదు వీళ్ళకి. కాలితో చెబితే లాభం లేదు.

తొమ్మిది. స్క్రూటనే బంతిని గీత బయటికి తన్నాడు, నెమ్మదిగా, టోపీ తీసి దణ్ణం పెట్టినంత మర్యాదగా. మైకులో గొంతు ఏదో చదువుతోంది, పదిహేనేళ్ళు, గ్రేథోర్ప్ బిడ్డ, ధైర్యం, అవన్నీ. గీత దగ్గర, బయటికి రావాల్సినవాడి నంబరు చూపే పలక పైకి లేచింది, దాని మీద తొమ్మిది ఎర్రగా వెలుగుతోంది. వరసలు కట్టారు, చొక్కాలు అటు పచ్చ ఇటు తెలుపు, జనమంతా లేచారు, టికెట్ల ముసలావిడ చేతిరుమాలు ఊపుతోంది. కాళ్ళు వాటంతటవే కదిలాయి. ఊళ్ళో అందరూ లేచి నిలబడి నడవమంటే నడవకుండా ఎలా ఉంటావు. ఒక అడుగు, ఇంకొకటి, జట్టువాళ్ళ చేతులు భుజం తడుతున్నాయి, ఎవడో చెవిలో గొప్పవాడివిరా అంటున్నాడు, గీత దగ్గరపడుతోంది, సున్నంతో గీసిన నాలుగంగుళాల గీత. దానికి అవతల టాటర్సల్ చేతులు చాచి, కళ్ళనిండా నీళ్ళతో. మంచివాడే. అందరూ మంచివాళ్ళే. ఇంతమంది మంచివాళ్ళు కలిస్తే తప్ప మనిషిని ఇంత శుభ్రంగా పూడ్చలేరు. గీత ముందు నేథన్ ఆగిపోయాడు.

"నేను రాను బాస్."

టాటర్సల్ చాచిన చేతులు అలాగే ఉన్నాయి. "ఏంటి?"

"రాను. ఆడతాను."

"ఒప్పుకున్నావు కదరా."

"తల ఊపాను. ఒప్పుకోలేదు."

"జనం చూస్తున్నార్రా. నీ మోకాలు పోతుంది."

"పోతే మోసుకెళ్ళండి. నడిపించి మాత్రం పంపకండి."

ఇంత సూటి మాట తన నోట్లోంచి వచ్చిందా అని అతనికే ఆశ్చర్యం వేసింది. చప్పట్లు అక్కడక్కడా ఆగి, అక్కడక్కడా అర్థం కాక కొనసాగుతున్నాయి. పలక పట్టుకున్న మనిషి దాన్ని దించాలో ఉంచాలో తెలియక రిఫరీ వైపు చూశాడు. ఆర్మిటేజ్ తాపీగా నడిచి వచ్చింది.

"రానంటున్నాడా?"

"మాట్లాడుతున్నాను, ఒక్క నిమిషం," అన్నాడు టాటర్సల్.

"అక్కర్లేదు. మార్చాల్సిన మనిషి బయటికి రానంటే మార్పు లేనట్టే, ఆట సాగాల్సిందే. రూల్లో అలాగే ఉంది." లెక్క చెప్పినంత మామూలుగా చెప్పి వరసల వైపు తిరిగింది. "పెళ్ళి ఊరేగింపు అయిందిగా. ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళండి."

వెళ్ళారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనక ఎవరో గొణిగారు. బంతిని లోపలికి విసరాల్సింది గ్రేథోర్ప్ జట్టే, కానీ మర్యాదకి బయటికి తన్నిన బంతిని మర్యాదగా వాళ్ళకే తిరిగిచ్చెయ్యాలి, అది ఏ రూల్లోనూ లేదు, అయినా ఈ దేశంలో గుడిసెలో పుట్టినవాడికీ తెలుసు, దాన్ని తప్పినవాణ్ణి దొంగ కన్నా హీనంగా చూస్తారు. విసరబోతున్న జట్టువాడు ఆస్టన్‌బ్రూక్ గోల్‌కీపరు వైపు చెయ్యెత్తాడు. ఇచ్చేస్తే మళ్ళీ అదే రెండు గజాలు, అవే వెనక్కి కట్టుకున్న చేతులు, ఇక ఆట అయ్యేదాకా జాలి. అదొక్కటీ పడలేడు. "నాకు," అన్నాడు నేథన్. జట్టువాడు విననట్టు చూశాడు. "నాకు వెయ్ రా," అన్నాడు మళ్ళీ, నోరు ఇప్పుడిప్పుడే అలవాటవుతున్నట్టుంది. వాడు బిత్తరపోయి వేశాడు. నేథన్ ఛాతీతో ఆపి, కాలి మీదికి దించుకుని, తలుపు మళ్ళీ తెరుచుకునే ఉన్న గోల్ వైపు తిరిగాడు, అదే తిరుగుడు, పదమూడేళ్ళ కిందట పాదం బురదలో ఉండిపోయిన తిరుగుడు, పాదం ఈసారి తిరిగింది. అవతలి స్టాండులో ఛీ అంటూ కేకలు లేచాయి. ఎక్కడో వెనక స్క్రూటన్ అడుగులు వినిపించాయి, పరుగు, నిజమైన పరుగు.

వాడు బంతినీ, బంతితోపాటు మనిషినీ, మనిషితోపాటు అక్కడున్న గడ్డినీ లేపేశాడు. ఆకాశం కింద, గడ్డి పైన, నోట్లో మట్టి, పిర్ర మండుతోంది, మోచెయ్యి దోక్కుపోయింది, ఊపిరి ఎటో పోయింది. నేథన్ వెల్లకిలా పడి మోకాలి కబురు కోసం ఎదురుచూశాడు. ఇలాంటప్పుడు ఒక్క క్షణం ఉంటుంది, నొప్పి ఇంకా రాదు, ఏం వస్తుందో తెలియదు, పదిహేనేళ్ళలో ఎన్నో సార్లు ఆ క్షణంలో పడుకుని ఉన్నాడు. రమ్మను. వస్తే రానీ. వచ్చింది. పొద్దున మెట్ల మీద ఎంతుందో అంతే ఉంది, ఒక్క రవ్వ ఎక్కువ లేదు. పరిగెత్తుకొస్తున్న మోరాగ్‌ని చేత్తో ఆపాడు. మీద స్క్రూటన్ నిలబడి ఉన్నాడు, మొహం కందగడ్డలా చేసుకుని. రిఫరీ పసుపు కార్డు చూపిస్తుంటే అటు చూడను కూడా లేదు.

"సిగ్గు లేదురా నీకు? మర్యాద చేస్తే బంతి కాజేస్తావా?"

"లేదు," అన్నాడు నేథన్ నేల మీంచే.

"ఛీ, ముసలి దొంగా. లే. ఈసారి నా పక్కకి వచ్చి చూడు, రెండో కాలు కూడా చేతికిస్తాను."

చెయ్యి అందివ్వకుండా తిరిగి వెళ్ళిపోయాడు. ఎంత హాయిగా ఉందో ఆ మాట. నేథన్ మోకాలి మీద చెయ్యి ఊని, కాస్త ఒరిగి, లేచాడు. ఫ్రీకిక్ బంతి పెట్టారు. పెనాల్టీ బాక్సులోకి కుంటుతూ వెళ్ళి స్క్రూటన్‌కి వీపు ఆనించి నిలబడ్డాడు. ఈసారి ఆ బరువు వచ్చింది, మెడ మీద వేడి ఊపిరి, నడుములో పిడికిలి, చొక్కా వెనక నుంచి గుంజుతున్నాడు, నేథనూ వాడి పక్కటెముకల్లో మోచేత్తో పొడిచాడు. బంతి గాల్లోకి లేచింది. అరక్షణం ముందు ఎగిరాడు నేథన్, స్క్రూటన్ భుజం మీదుగా, నుదురు సరిగ్గా తగిలింది, బంతి గోల్ కొయ్యకి గజం పైనుంచి పోయి, వెనక మెట్ల మీద నిలబడ్డ జనంలో పడింది. అప్పుడు ఆ మెట్ల మీంచే ఎవడో, బంతి తగిలి టీ ఒలికిపోయినవాడు కాబోలు, గొంతు చించుకున్నాడు.

"ఒరేయ్ బ్లెంకీ, దద్దమ్మా, దాన్ని మా నాయనమ్మ చీపురుతో తోసినా లోపలికి పోయేది కదరా."

ఒకడు నవ్వాడు, ఇంకొకడు అందుకున్నాడు, తర్వాత మెట్లన్నీ అందుకున్నాయి, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావురా అని, ఇందుకేనా ఉండిపోయావు అని. నెల్లాళ్ళుగా ఈ ఊళ్ళో ఒక్క మనిషీ తనని తిట్టలేదు. నేథన్ వాళ్ళ వైపు చెయ్యెత్తి, వెనక్కి తిరిగి, కుంటుకుంటూనే పరుగందుకున్నాడు.